గంగ స్నానాలకు మూతపడే తోళ్ల కార్ఖానా

మిషిగన్‌లో ట్రాయ్ అనే ఊళ్లో నేను పనిచేసే కంపెనీ పాతకాలపు కార్లకు సీట్లు చేస్తుంది. ఎప్పటిదో కారును షెడ్డులోంచి బయటికి తీసి, బాగుచేయించి, వేసవిలో రోడ్డు మీద నెమ్మదిగా నడుపుకుంటూ పోవడం ఇక్కడివాళ్లకు ఒక ముచ్చట. ఆ సీట్లకు వాడే తోలును పరీక్షించడం నా ఉద్యోగం. యంత్రంలో బిగించి అదేపనిగా వంచుతాను. పొడిగుడ్డతో, తడిగుడ్డతో, చెమటకు బదులు ఉప్పునీళ్లలో ముంచిన గుడ్డతో రుద్దుతాను. ఓవెన్‌లో పెడతాను. చివరికి పాస్ అనో, ఫెయిల్ అనో రాస్తాను. అభిప్రాయం రాయడానికి రిపోర్టులో చోటుండదు. ఆ సంగతి నాకు నచ్చుతుంది.

మాకు తోలు పంపే పాత సప్లయర్ చిన్న ఆర్డర్లు ఇక తీసుకోనని చెప్పినప్పుడు, కొత్తవాళ్ల కోసం పెట్టిన మీటింగ్‌లో నేను కాన్పూర్ పేరు చెప్పాను. నేను పెరిగింది అక్కడే. నాన్న సైన్యానికి సామగ్రి తయారుచేసే ప్రభుత్వ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. క్వార్టర్లో తెలుగు, గేటు దాటితే హిందీ. ట్రాయ్‌లో తెలుగువాళ్లు మీదేవూరని అడిగితే కాన్పూర్ అంటాను. "అది కాదు, అసలు ఊరు?" అని మళ్లీ అడుగుతారు. అప్పుడు అమ్మ పుట్టిన ఊరు చెబుతాను. వాళ్లు తృప్తిపడతారు.

మా బాస్ డెట్రాయిట్‌లో పుట్టి పెరిగిన అమెరికన్. ఆ ఊరి గురించి ఒక పేజీ రాసివ్వమన్నాడు. రాశాను. గంగ ఒడ్డున ఒకప్పుడు కొన్ని పల్లెలుండేవి. అక్కడ ఇంగ్లీషు కంపెనీ దండు దిగింది. దండుకు గుర్రాలు, గుర్రాలకు జీన్లు, జీన్లకు తోలు కావలసి వచ్చాయి. 1857లో తిరుగుబాటు జరిగింది, రెండు వైపులా ఊచకోతలు జరిగాయి. అది అణిగాక సైన్యం కోసం జీన్ల ఫ్యాక్టరీ, దాని వెనకే నూలు మిల్లులు, ఉన్ని మిల్లులు వచ్చాయి. తూర్పు మాంచెస్టర్ అని పేరు పడింది. మిల్లు కూత విని జనం గడియారాలు సరిచేసుకునేవారట. నాకు ఊహ తెలిసేసరికి కూతలు లేవు. పొగరాని గొట్టాలు, గోడల్లో మొలిచిన చెట్లు, గేటు ముందు పాత బాకీల కోసం కూర్చున్న ముసలి కార్మికులు మాత్రం ఉన్నారు. మిగిలింది తోలు ఒక్కటే.

రాయనివి కూడా ఉన్నాయి. కరెంటు తీగకు కొక్కెం తగిలించి ఇంట్లోకి లాక్కునే పద్ధతి రాయలేదు. పాన్ మసాలా గురించీ రాయలేదు. ఈమధ్య స్తంభాల మీద మెట్రో వచ్చింది. కిందటిసారి వెళ్లినప్పుడు చూశాను, రైలు శుభ్రంగా, చల్లగా, చెప్పిన టైముకు వస్తోంది. స్తంభాలు మాత్రం మనిషి నోరు అందేంత ఎత్తు వరకు ఎర్రగా ఉన్నాయి.

బాస్ పేజీ చదివి, "ఇది డెట్రాయిటే కదా, నదితో సహా," అన్నాడు.

కాన్పూర్ తూర్పు చివర జాజ్‌మవూలో తోళ్ల కార్ఖానాలన్నీ ఒకేచోట ఉంటాయి. వాటిలో ఒక చిన్న కార్ఖానా యజమాని మాకు దొరికాడు. అరవై దాటిన మనిషి, మూడు తరాలుగా అదే పని. డిసెంబర్‌లో ఒక ఉదయం వీడియో కాల్ పెట్టుకున్నాం. ఇటు నేను, ప్లానింగ్ చూసే అక్క. అక్కది కాకినాడ. ఆఫీసులో నాకన్నా పదేళ్లు సీనియర్, తేదీల విషయంలో దయ లేని మనిషి. ఆమెకు హిందీ సరిగా రాదు కాబట్టి ఆయన మాటలు నేను తెలుగు చేసి చెబుతున్నాను.

"నువ్వు మా కాన్పూర్ పిల్లాడివా బేటా? ఏ మొహల్లా?" అని అడిగాడాయన.

చెప్పాను.

"అయ్యో, అయితే నీకు అబద్ధం చెప్పలేను. నిజం కూడా చూసుకుని చెప్పాలి."

తర్వాత ఆయనే తన సంగతి చెప్పుకొచ్చాడు. కొడుకు స్థలం అమ్మేసి కోల్‌కతా పోదామంటున్నాడు. బయటి దేశం ఆర్డర్ ఒక్కటి వస్తే ఆ మాట ఎత్తనన్నాడు. మార్చి వరకు చూస్తానన్నాడు. "కొడుకు తండ్రికి గడువివ్వడం ఎక్కడైనా చూశావా? మా ఇంట్లో చూడు."

"ఎందుకు అమ్మేస్తాడట? అడుగు," అంది అక్క.

ఏడాదిలో చాలా రోజులు గేటుకు తాళం పడుతుందని ఆయన జవాబు. గంగ కాన్పూర్ దాటి ప్రయాగకు పోతుంది. చలికాలంలో అక్కడ లక్షల మంది స్నానాలు చేస్తారు. కార్ఖానాల నీళ్లు వాళ్ల మీదికి పోకూడదు. ఇక్కడి నీళ్లు అక్కడికి చేరడానికి రోజులు పడతాయి కాబట్టి ప్రతి పెద్ద స్నానానికీ ముందే జాజ్‌మవూలో తోళ్లు వేసి నీళ్లతో తిప్పే డ్రమ్ములు ఆపమని ప్రభుత్వం నుంచి ఆర్డర్ వస్తుంది. ఏయే స్నానాలని నేను అడిగితే వరసగా చెప్పేశాడు. పౌష పున్నమి, సంక్రాంతి, మాఘ అమావాస్య, వసంత పంచమి, మాఘ పున్నమి, శివరాత్రి.

అక్క మ్యూట్ చేసి, "సాయిబు గారు మా అత్తయ్య కంటే బాగా చెబుతున్నారే పంచాంగం!" అంది.

"ఆయన గేటుకు తాళం పడేది ఆ రోజుల్లో కదక్కా. గుర్తుండదా?"

ఫిబ్రవరి చివరికి శాంపిల్ తోళ్లు మా చేతికి రావాలి. అవి పాసైతేనే వేసవి సీట్ల ఆర్డర్. ఆ తేదీ దాటితే బాస్ మెక్సికోలో ఇంకొకరిని చూసుకుంటాడు. ఈ మాట ఆయనకు దాచకుండా చెప్పాం. "హో జాయేగా," అన్నాడు. అయిపోతుంది అని. కాన్పూర్‌లో ఆ మాట హామీ కాదు. అది మర్యాద.

ఆ వారాంతం అక్క ఫార్మింగ్టన్ హిల్స్‌లో తన ఇంట్లో కూర్చుని ప్లాన్ తయారుచేసింది. తిథులకు తేదీలు ఇంటర్నెట్‌లో వెతకలేదు. అత్తగారు ఏటా తెప్పించుకునే తెలుగు పంచాంగం పక్కన పెట్టుకుని, ఆవిడ చదువుతుంటే షీట్‌లో ఎక్కించింది. ప్లాన్ చక్కగా ఉంది. సంక్రాంతి మూత అయిపోయాక జనవరి రెండో సగంలో రంగు డ్రమ్ములు, ఫిబ్రవరిలో ఆరబెట్టడం, పాలిష్, ప్యాకింగ్. కార్ఖానాకు పంపితే ఆయన నుంచి ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది.

జనవరి మొదటి వారం, మంచు పడుతున్న ఒక ఉదయం, నా టెస్టుల తేదీలు చేర్చడానికి ఆ షీట్ తెరిచాను. మాఘ అమావాస్య ఫిబ్రవరి చివర్లో ఉంది. ఆ వరసను మళ్లీ చదివాను.

మా క్వార్టర్స్‌లో పక్కింటావిడ శ్రావణ సోమవారాలు మొదలుపెట్టి ఉపవాసాలుంటుంటే అమ్మకు ఇంకా ఆషాఢమే నడిచేది. "మీ సావన్ ఇంకా రాలేదా?" అని ఆవిడ ఏటా అడిగేది. "బయల్దేరింది, దారిలో ఉంది," అనేది అమ్మ. తెలుగువాళ్ల నెల అమావాస్యతో ముగుస్తుంది. అక్కడ పున్నమితో ముగుస్తుంది. పున్నమి తర్వాతి పక్షాన్ని మనం పాత నెలలో వేస్తే వాళ్లు కొత్త నెలలో వేస్తారు. పున్నములు, వసంత పంచమి ఇద్దరికీ ఒకటే. శివరాత్రికి నెల పేరు మారినా రోజు మారదు. అమావాస్యను నెల పేరుతో వెతికితే మాత్రం నెల తేడా వస్తుంది. ఆయన చెప్పిన మాఘ అమావాస్య మన పుష్య అమావాస్య. అది జనవరి చివర్లోనే ఉంది. మా రంగు డ్రమ్ములు సరిగ్గా ఆ మూతలో తిరుగుతున్నాయి.

అక్క సీటు దగ్గరికి వెళ్లి చెప్పాను.

"పొద్దున్నే జోకులా?"

"కాదక్కా. అక్కడి నెలలు వేరు."

"నెలలు వేరేంటి? చంద్రుడు ఒక్కడేగా?"

"ఒక్కడే. లెక్క ఎక్కడ ఆపాలన్నదే తేడా."

ఆమె ఫోన్ స్పీకర్‌లో పెట్టి అత్తగారికి కాల్ చేసింది. "అత్తయ్యా, జనవరిలో వచ్చే అమావాస్య ఏంటి?"

"పుష్య బహుళ అమావాస్య. చొల్లంగి అమావాస్య కదుటే! కాకినాడ పిల్లవి, నన్నడుగుతావేం? చిన్నప్పుడు బండి కట్టుకుని సముద్రస్నానానికి పోయేవాళ్లం."

"ఆ రోజు అక్కడ ప్రయాగలో కూడా స్నానాలట."

"ఉండవూ మరి? అందరికీ అదే అమావాస్య. ఎందుకూ, సెలవు పెట్టి వెళ్తున్నారా?"

అక్క ఫోన్ పెట్టేసి షీట్ వైపు తిరిగింది. "కస్టమర్‌కి డేట్ కమిట్ అయిపోయాం. బుక్ చేసిన ఫ్రైట్ క్యాన్సిల్ చేస్తే ఇంకో నెల. అంతే, పోయింది ఆర్డర్. ఆయనకు ఫోన్ చెయ్యి. థంబ్స్ అప్ ఎందుకు పెట్టారో కూడా అడుగు."

కాన్పూర్‌లో అప్పుడు సాయంత్రం. ఆయన కార్ఖానాలోనే ఉన్నాడు, వెనక ఎక్కడో ఒక డ్రమ్ము తిరుగుతున్న చప్పుడు.

"చాచా, మీరు ప్లాన్ చూశారా?"

"చూశాను."

"రంగు వేసే రోజులు అమావాస్య మూతలో ఉన్నాయి."

"ఉన్నాయి."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఏమవుతుంది బేటా? ఇది కుదరదంటే, మీ దొర మెక్సికో అంటాడు. మీరు రాశారు, నేను సరేనన్నాను. ఆ రోజు వచ్చాక ఏదో ఒకటి చూద్దామనుకున్నాను. హో జాయేగా."

"ఎలా అవుతుంది? గేటుకు తాళం ఉంటే?"

"అదే చూద్దామనుకున్నా."

నేను తెలుగు చేయకుండానే అక్కకు అర్థమైంది. "ఏదో ఒకటి కాదు. ఏది? అది అడుగు," అంది.

అడిగాను. ఈసారి ఆయన మర్యాద పక్కనపెట్టి పని మాట్లాడాడు. మూత ఆర్డర్ వస్తే నీళ్లు పడే పని ఆగాలి, పొడి పని ఆగక్కర్లేదు. ఆరబెట్టడం, రుద్దడం, పాలిష్ మూతలో కూడా చేసుకోవచ్చు. నీళ్లు కావలసింది రంగుకే. జీన్ల ఆర్డర్ కోసం సగం శుద్ధి చేసి ఉంచిన తోళ్లు గోదాములో ఉన్నాయి. వాటిలోంచి మాకు తీయగలడు. సంక్రాంతి మూత పడేలోపు డ్రమ్ము ఖాళీగా ఉంది. "రేపు పొద్దున నేను గేటు తీసేసరికి ఏ రంగో నాకు తెలియాలి. ఎల్లుండి అడిగితే నా చేతిలో ఏమీ లేదు."

ఇబ్బంది అక్కడే వచ్చింది. మా బాస్ మూడు ఎరుపుల మధ్య అక్టోబర్ నుంచి తేల్చుకోలేకపోతున్నాడు. మూడు ముక్కలూ ఆయన బల్ల మీద కాఫీ మగ్గు కింద నలుగుతున్నాయి. ఇద్దరం వెళ్లి నిలబడ్డాం.

"ఇవాళే చెప్పాలా?"

"ఇవాళే," అంది అక్క.

"నది కోసం?"

"నదిలో స్నానం కోసం."

బాస్ లేచాడు. పాత కారు నుంచి ఊడదీసిన సీటు ముక్కను, మూడు ఎరుపులను కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. బయట మంచు, వెలుతురు తెల్లగా ఉంది. ఒకదాన్ని వెంటనే పక్కన పెట్టేశాడు. మిగిలిన రెంటినీ చాలాసేపు మార్చి మార్చి చూసి, ముదురుదాన్ని నా చేతిలో పెట్టాడు. "భోజనం తర్వాత అడగొద్దు, మళ్లీ మారుస్తాను," అన్నాడు. అక్క అక్కడే నిలబడి మెయిల్ పంపేసింది.

తోళ్లు ఫిబ్రవరి చివర్లో వచ్చాయి. వంచుడు పరీక్షలో పగుళ్లు లేవు. పొడిగుడ్డకు, తడిగుడ్డకు, ఉప్పునీటి గుడ్డకు రంగు అంటలేదు. ఓవెన్‌లో కుంచించుకుపోలేదు. రంగు మాత్రం ఒప్పుకున్న ముక్క కంటే ఒక పిసరు ముదురుగా ఉంది. అది కంటికి తెలుస్తుంది, పరికరానికీ తెలుస్తుంది. ఉన్నది ఉన్నట్టు రాశాను. నేను రాయగలిగిన మాట ఫెయిల్. బాస్ రిపోర్టు చదివి, తోలును మళ్లీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. పాత సీటు ముక్కలో కుట్టు కింద, ఎండ తగలని చోట రంగు ఇలాగే ఉందని చూపించాడు. రిపోర్టు మీద అనుమతి రాసి సంతకం చేశాడు. ఆర్డర్ మేం అనుకున్నదానిలో సగమే. మిగతా సగం మెక్సికోకు ఇచ్చాడు.

కాన్పూర్‌కు ఫోన్ చేసి చెప్పాను. "సగమా?" అన్నాడాయన. "మా వాడు కూడా అమ్మకం సగమే మానుకుంటాడు కాబోలు." మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు. కొడుకు వచ్చే చలికాలం దాకా ఆగుతానన్నాడట. సగం ఆర్డర్‌కు ఒక ఏడాది. లెక్క బాగానే ఉందన్నాడు.

ఈ ఏడాది ప్లాన్ తయారుచేసేటప్పుడు అక్క ముందుగా ఆ అమావాస్యను పెట్టింది. దాని ఎదుట ఇంగ్లీషులో చొల్లంగి అని రాసింది. బాస్ ఇప్పుడు మీటింగుల్లో ఆ మాట అంటాడు, రెండు లకారాలూ మింగేసి. షీట్ కాన్పూర్‌కు వెళ్లిన సాయంత్రం చాచా ఫోన్ చేశాడు.

"ఈ చొల్లంగి ఏమిటి బేటా? మాకు తెలియని స్నానమా?"

మీకు తెలిసిన రోజే, అక్క వాళ్ల వైపు ఆ రోజు సముద్రంలో స్నానం చేస్తారని చెప్పాను.

"అలాగా. మరి అక్కడ ఆ రోజు ఎవరి గేటుకు తాళం వేస్తారు?"

అక్కకు తెలుగు చేసి చెప్పాను. ఆమె షీట్ మీద నుంచి తల ఎత్తలేదు.

"తర్వాత చెబుదాంలే. ముందు రంగు వేసే రోజు కన్‌ఫర్మ్ చెయ్యమను. హో జాయేగా అంటే ఒప్పుకోను, తేదీ చెప్పమను."

ఆయన తేదీ చెప్పాడు.