కవిటిలో నీలవేణి అడిగిన ఉత్తరాలు

నీలవేణి డయాలసిస్ మానేస్తానంటోందని ఆమె కోడలు ఫోన్ చేసింది. మర్నాడే బయలుదేరాను. నీలవేణి టెక్కలి కాలేజీలో నా స్నేహితురాలు, కవిటిలో కాపురం. ఆ రోజుల్లో లైబ్రరీ నుంచి గొప్ప రచయితల ఉత్తరాల సంపుటాలు తెచ్చుకుని, ఒకరు చదువుతుంటే ఒకరు వినేవాళ్ళం. బాగా బతకడం వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలని నా నమ్మకం. అందుకే అలాంటి పుస్తకం ఒకటి సంచిలో పెట్టుకుని, ధైర్యం చెప్పే పేజీల్లో కాగితం ముక్కలు ఉంచాను.

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో ఉదయం ఆరింటికి పలాస బస్సు ఎక్కాను. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్ సున్నా. టెక్కలిలో ఆగినప్పుడు ఇడ్లీ, టీ కలిపి నలభై ఐదు రూపాయలయింది. కాలేజీకి వెళ్ళే రోడ్డు కిటికీలోంచి కనబడుతుందేమోనని చూశాను, బస్సు కదిలిపోయింది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీల పొగ వాసన బస్టాండు దాకా వచ్చింది. అక్కడ బస్సు మారి సోంపేట, సోంపేట నుంచి కవిటికి షేర్ ఆటో, ముప్పై రూపాయలు.

"ఎవులింటికెల్లాల మామ్మా?" అన్నాడు డ్రైవరు. చెప్పాను.

"లెక్కల టీచరమ్మ కాడికా! ఇప్పుడు ఎవులితోటీ మాటాడదు. మీరైనా నాలుగు తిట్టండి."

"అందుకే వెళ్తున్నాను," అన్నాను.

నీలవేణి వీధరుగు మీద మంచంలో ఉంది. సగానికి సగం చిక్కిపోయింది. "వచ్చీసినావేటే? తిట్టడానికేనా?" అంది. కోడలు వాళ్ళ తోటలో బొండం కొట్టి తెచ్చి నా చేతికిచ్చింది. ఒక్కటే తెచ్చింది. ఆ ఇంట్లో ఎప్పుడూ, వచ్చినవాళ్ళతో పాటు నీలవేణీ ఒకటి పట్టుకుని కూర్చునేది. ఇప్పుడు కొబ్బరినీళ్ళు ఆమె తాగకూడదు. మంచినీళ్ళు కూడా రోజంతటికీ ఒక చిన్న సీసాడే. నేను బొండం పక్కన పెట్టేశాను.

"తాగవే."

"ఇప్పుడొద్దులే."

"నా నోరు డాక్టర్లు కట్టీసినారు. నీ నోరు ఎవులు కట్టినారు? నా సెట్టు కాయ నువ్వు తాగితే సూత్తాను. అదైనా సూడనీ."

తాగాను. నా గొంతు కదలడమే చూస్తూ కూర్చుంది. "తియ్యగుందా?" అంది. ఉందన్నాను.

భోజనాలయ్యాక పుస్తకం తీశాను. బాధను ఎలా భరించాలో, ప్రతి ఉదయాన్నీ ఎలా ఆహ్వానించాలో గుర్తు పెట్టుకున్న చోటల్లా చదివాను. మూడో ఉత్తరానికి ఆమె చెయ్యెత్తింది.

"ఆపు. ఇయ్యన్నీ ఒంట్లో బాగున్నప్పుడు రాసినవి. మంచం ఎక్కినాక ఏటి రాసుకున్నారో సదువు."

కాగితాలు పెట్టని చివరి పేజీలకు వెళ్ళాను. ఒకాయన నిద్ర పట్టడం లేదని రాశాడు. ఇంకొకాయన పథ్యం తిండిని పేజీ నిండా తిట్టాడు. ఉపదేశం జాడే లేదు. ఉత్తరం చివర మాత్రం స్నేహితుణ్ణి, ఎప్పుడొస్తావని అడిగాడు. అక్కడ ఆగి ఆ వాక్యం మళ్ళీ చదివాను. నీలవేణి పకపకా నవ్వింది.

"పథ్యం కూడుకి అంత పెద్దాయనా ఏడిసినాడా! మరి నన్నే ధైర్నంగుండు, ధైర్నంగుండని సంపేత్తన్నారేటి అందరూ?"

"ఏడు, ఎవరొద్దన్నారు? రేపు మాత్రం ఆసుపత్రికి పద."

"నాలుగు గంటలు ఆ మిషను పక్కన పైకప్పు సూత్తా పడుండలేనే," అంది నీలవేణి. "నువ్వు కూకుంటావా?"

ఆ పూటే తిరిగి వెళ్దామనుకున్న నేను ఉండిపోయాను. మర్నాడు డయాలసిస్ కేంద్రంలో నర్సు నాకొక స్టూలు వేసింది. సూదులు గుచ్చుతున్నప్పుడు నీలవేణి కళ్ళు మూసుకుని, "సదువు" అంది. రెండో ఉత్తరంలో ఉండగా పక్క మంచం మీది డొంకూరు నుంచి వచ్చిన మత్స్యకారుడు, "గట్టిగా సదువమ్మా, ఇటేపు ఇనబడ్డం లేదు," అన్నాడు. గొంతు పెంచాను.

ఎలా బతకాలో ఆ మహానుభావులు చెప్పినవి చాలావరకు నాకు కంఠతా వచ్చు. రమ్మని ఒక మనిషిని అడగడానికి వాళ్ళు సిగ్గుపడలేదన్నది మాత్రం ఇన్నేళ్ళూ నా కంట పడలేదు. ఇంటికొచ్చి ఇది రాస్తున్న ఈ పూట నీలవేణి మళ్ళీ ఆ డయాలసిస్ మంచం మీద ఉంటుంది. వెళ్ళిందని కోడలు ఫోన్ చేసింది. నా మనసు ఇక్కడ లేదు.

మీ వాళ్ళెవరైనా అటువైపు ఇలా ఉంటే, డయాలసిస్ ఏ రోజో ముందే కనుక్కుని ఆ రోజుకే వెళ్ళండి. చీకటి పడితే సోంపేట వైపు ఆటోలు దొరకవు, ఒక జత బట్టలు ఎక్కువ పెట్టుకోండి.