కుడివైపు పెట్టిన గ్లాసు

మా మేడమ్ గారు పోయారని మంగళవారం పొద్దున్నే కేర్ హోమ్ నుంచి ఫోన్ వచ్చింది. మేముండే లండన్ కెనడాలోది. ఈ ఊళ్ళో ఆవిడకి అయినవాళ్ళంటే, ఆవిడ దగ్గర నర్సింగ్ చదువుకున్న మేమే.

ఏ బ్యాచ్ వచ్చినా మొదటి పాఠం మాత్రం ఇంగ్లండుదే. విక్టోరియా రాణి కాలంలో గతిలేనివాళ్ళని వర్క్‌హౌస్ అనేచోట పడేసేవారట. అక్కడ మంచానపడ్డవాళ్ళని చూసేది చాలాచోట్ల నర్సులు కాదు, అక్కడే తలదాచుకున్న ఏ ముసలి బీదరాలో. మందు సీసా మీద రాసింది చదవలేదు, రోగిని లేవదీసే ఓపికా ఉండదు. "ఆ ముసలమ్మని తిట్టకండి. అంతమందిని ఆవిడొక్కదాని మీద వదిలేసినవాళ్ళని అడగండి" అనేవారు మేడమ్ గారు.

పాఠం కాగానే మాలో ఒకరిని ప్రాక్టీసు మంచం మీద పడుకోబెట్టి, తన స్కార్ఫుతో కుడిచెయ్యి కట్టేసి, కుడివైపు గ్లాసు పెట్టి తాగమనేవారు. నా వంతొచ్చినప్పుడు ఒళ్ళంతా ఒలకబోసుకున్నాను. క్లాసులో ఇంగ్లీషే మాట్లాడే మనిషి, నన్ను ఏడిపించడానికి మాత్రం తెలుగులోకి దిగారు. "స్నానం చెయ్యమన్లేదమ్మా, తాగమన్నాను!" అందరూ నవ్వాక మెల్లగా అన్నారు: "గ్లాసు పెట్టొచ్చానని ఎప్పుడూ చెప్పకు. తాగారా లేదా, అది చెప్పు."

పోయిన చలికాలం స్ట్రోక్ వచ్చి ఆవిడకి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట కూడా పోయింది. డ్యూటీ అయ్యాక కేర్ హోమ్‌కి వెళ్ళినప్పుడల్లా మంచం పక్క టేబుల్ ఎడమవైపుకి జరిపేదాన్ని. గ్లాసు అందుకుని గటగటా తాగేసి, సగం పెదవితో నవ్వేవారు. మళ్ళీ వెళ్ళేసరికి టేబుల్ కుడివైపే ఉండేది. ఎన్నిసార్లు చెప్పానో! అక్కడ పనిచేసే తెలుగావిడ పరిగెడుతూనే జవాబిచ్చేది: "షార్ట్ స్టాఫ్ అండీ, ఫ్లోరంతా నేనొక్కదాన్నే." మేనేజరుకీ చెప్పాను. చూస్తామన్నారు.

మంగళవారం నేను వెళ్ళేసరికి ఆ తెలుగావిడ గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది.

"రాత్రి నీళ్ళు పెట్టే వెళ్ళానండీ" అంది.

నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఆమెని తిట్టొద్దని మేడమ్ గారు ఏనాడో చెప్పారు. భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిచాను.

మేడమ్ గారి ఎడమచెయ్యి ఛాతీ మీదుగా కుడివైపుకి చాచి ఉంది. అటుపక్కన టేబుల్ మీద గ్లాసు నిండుగా ఉంది.