తుడవని గీత

నేను ఆకాశానికి కాపలా కాసిన రోజులున్నాయి. నవ్వకండి. పగలు బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పేదాన్ని. వారంలో కొన్ని సాయంత్రాలు, సెలవు రోజులు మాత్రం ఖాకీ గౌను తొడుక్కుని, విమానాల స్థావరం పక్కనున్న కిటికీల్లేని గదిలో కూర్చుని మలయా దేశాన్ని శత్రు విమానాల నుంచి రక్షించేదాన్ని. ఆ శత్రువు, అంటే కమ్యూనిస్టు గెరిల్లా, అప్పట్లో అడవిలో కాలినడకన తిరుగుతున్నాడు. అతని దగ్గర గాలిపటం ఉన్నట్టు కూడా ఎవరూ వినలేదు. అయినా జెట్లు వచ్చేశాయి కదా, వాటికి తగ్గ శత్రువు ఎప్పుడో ఒకప్పుడు రాకపోడని ఇంగ్లీషు దొరల నమ్మకం.

గదిలో నిలువెత్తు గాజుపలక, దాని మీద దేశపటం. రాడార్ వాళ్లు ఫోనులో చెప్పిన చోటల్లా రంగు పెన్సిలుతో చుక్క పెట్టి, చుక్కల్ని గీతగా కలపాలి. అధికారులు పలకకు ముందు కూర్చుంటారు గనక మేం వెనక నిలబడి అంకెలు తిరగేసి రాయాలి. విమానం గురించి కాసేపు కబురు రాకపోతే దాని గీతను గుడ్డతో తుడిచేయాలి. లేకపోతే అది ఇంకా అక్కడే ఉందనుకుంటారు. అమెరికాలో ఈ పనంతా ఇల్లంత యంత్రం ఒక్కటే చేసేస్తుందని, దానికి టీ కూడా అక్కర్లేదని మా గది దొర రోజూ చెప్పేవాడు. మేం టీ తాగుతూ వినేవాళ్లం.

మా తమ్ముడికీ ఆ స్థావరంలోనే పని. అడవిలోని సైనికులకు సరుకులు తీసుకెళ్లే విమానంలో, తెరిచిన తలుపు దగ్గర నడుముకు తాడు కట్టుకుని మూటలు కిందికి తోసేవాడు. ఇంట్లో తాగిన గ్లాసు పక్కన పెట్టడు, అది వేరే సంగతి. అమ్మ మన తెలుగు కూలీలుండే సుంగై సుమున్ తోటలో పుట్టి పెరిగిన మనిషి. ఎవరైనా గడప దాటి ప్రయాణం వెళితే, వాళ్లు క్షేమంగా చేరినట్టు తెలిసేదాకా ఇల్లు ఊడవనిచ్చేది కాదు. వెనకాలే ఊడిస్తే మనిషిని ఊడ్చేసినట్టేనట. వాడు రోజూ ఎగురుతాడు కాబట్టి మా ఇల్లు రోజూ చెత్తతోనే ఉండేది. చదువుకున్నదాన్ని కదా, అమ్మను తెగ ఎగతాళి చేసేదాన్ని.

ఒక రోజు మధ్యాహ్నం పెద్ద విన్యాసం పెట్టారు. సింగపూర్ నుంచి మనవాళ్లే శత్రువులై బాంబర్లలో వస్తారు, మనవాళ్లే జెట్లలో ఎదురెళ్లి అడ్డుకుంటారు. చూసి మెచ్చుకోవడానికి పై అధికారి కూడా వచ్చాడు. అదే సమయంలో తమ్ముడి విమానం కొండల వైపు వెళ్లింది. దాని గీత నేనే గీస్తున్నాను. కొండల దగ్గర గీత ఆగిపోయింది. అక్కడ పెద్ద వాన అన్నారు, తర్వాత కబురు లేదు. పక్కనున్న తమిళ అమ్మాయి గుడ్డ అందించింది. నా చెయ్యి లేవలేదు. నా చదువు, నా ఎగతాళి ఏ గంగలో కలిశాయో తెలియదు. గుడ్డను కొంగులో దాచుకుందామంటే గౌనుకు కొంగు కూడా లేదు.

కొంతసేపటికి కొండల మీద కొత్త చుక్క వచ్చింది. మూటల విమానమే తిరిగొస్తోందని దొర తేల్చేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. చుక్క మీద చుక్క పెడుతూ గీతను ఇంటి దాకా లాక్కొచ్చాను. మూటల విమానం ఇంత వేగంగా పోతుందా అని ఒక్కరికీ తట్టలేదు. మా నెత్తి మీద మూడు బాంబర్లు ఉరిమాకే తెలిసింది, శత్రువు మా తమ్ముడి గీత మీద దర్జాగా నడిచి వచ్చాడని. దొర లెక్క ప్రకారం స్థావరం నేలమట్టమైంది, మేమంతా చనిపోయాం. పై అధికారి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఎందుకు తుడవలేదని దొర అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. యంత్రమైతే ఎప్పుడో తుడిచేసేదన్నాడు. దానికి తమ్ముడు లేడు కదా అన్నాను. ఇప్పుడైనా తుడవమంటే గుడ్డ తీసి అతని చేతికే ఇచ్చాను. తుడిచాడు. పాపం, అతని పని అతను చేశాడు. ఇక రావద్దని నన్ను ఇంటికి పంపేశారు.

ఇంట్లో అమ్మ ఊడవని నేల మీద కూర్చుని ఉంది. నేనూ పక్కన కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు లారీ దిగి వచ్చాడు. ఇంజన్ పాడై వాళ్లు ఇపో పట్నంలో దిగారట. వాన వల్ల ఫోన్లు పనిచేయలేదట. గుమ్మంలో నిలబడి నేల వంక చూశాడు. మాట చివర మలయ్ వాళ్ల 'లా' తగిలించడం వాడికి అలవాటు.

"ఏటమ్మా ఇది, ఇల్లా పశువుల సాలా? ఎవులూ ఊడవనేదా లా?"

అమ్మ లేచి చీపురు అందుకుంది. మళ్లీ దాన్ని నా చేతికిచ్చేసింది.

"నువ్వు ఊడిసీమ్మా," అంది. "ఊడిసినాక నమ్ముతాను ఆడొచ్చినాడని."

తమ్ముడి కాళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టాను.