శనివారం వంటిల్లు

ఒలారియా మునిసిపాలిటీ బడిలో వంట చేసే ఇవొనెట్ యాభై ఒకటో ఏట గిటారు పట్టింది. కొనుక్కోలేదు. జూన్ పండుగకి చర్చివాళ్ళు పెట్టిన లాటరీలో తగిలింది. తగిలితే ప్రెషర్ కుక్కర్ తగలాలని ఆమె కోరిక. కుక్కరు రెండో బహుమతి, గిటారు మూడోది.

మూడేళ్ళపాటు తన గదిలో, పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కతే నేర్చుకుంది. షోరో అని మా ఊళ్ళో పాతకాలంనుంచీ వాయించే సంగీతం, అందులో పదకొండు బాణీలు మొదటినుంచి చివరిదాకా వచ్చునని చెప్పేది. అబద్ధం కాదు. గదిలో వచ్చు.

ప్రతి శనివారం మధ్యాహ్నం అరిస్తేవు మాస్టారి సెలూన్ వెనక, మామిడిచెట్టు కింద మేం బల్ల చుట్టూ కూర్చుని వాయించేవాళ్ళం. మాస్టారిది ఏడు తీగల గిటారు. వేణువు జందీరది. పోస్టాఫీసులో రిటైరైన మనిషి, నోరు మాత్రం రిటైరు కాలేదు. నాది కంజిర. బాణీని నడిపేది వేణువు. కిందనుంచి తాళమూ మంద్రస్వరాలూ మోసే మాలాంటివాళ్ళందరినీ కలిపి 'వంటిల్లు' అంటారు. బల్ల దగ్గర కుర్చీ ఎవరూ అడిగి తీసుకోరు. కొత్తవాళ్ళు వెనక వరసలో కూర్చుని మెల్లగా వాయించుకోవాలి.

ఇవొనెట్ గిటారుకి దుప్పటి చుట్టి తెచ్చింది.

"వారమంతా వంటిల్లేగా అక్కా, శనివారం కూడా వంటిల్లే కావాలా?" అంది జందీర.

"ఆ వంటింట్లో మూడొందలమంది పిల్లలు తల్లీ. ఇక్కడ మీరు ముగ్గురేగా!"

ఆ ధీమా ఎనిమిది ఆవర్తాలు నిలిచింది. ఎడమచేతి పట్టు ఒకటి జారింది. "అయ్యో, తప్పయిపోయింది, మొదట్నుంచి," అంటూ మళ్ళీ ఎత్తుకుంది. మేం ఆగలేదు. ఆ బల్ల దగ్గర ఎవరూ ఎవరికోసమూ ఆగరు. మేం రెండో భాగంలో ఉంటే మొదటి భాగంలో ఆమె ఒక్కతే ఉంది. జందీర వేణువు పెదవుల మీంచి తీసి, "పడింది!" అని కేకేసింది.

పడగొట్టడం మా దగ్గర పాత సరదా. వేణువు ఉన్నట్టుండి దారి మళ్ళిస్తుంది, వెనకవాళ్ళు పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే పడినట్టు. అందరం పడ్డవాళ్ళమే. ఇవొనెట్‌ని మాత్రం ఎవరూ పడగొట్టనక్కర్లేదు. తనే పడేది. పడ్డచోటు వదిలేసి ఇంటిదాకా వెనక్కి నడిచి, మళ్ళీ అక్కణ్ణించి బయల్దేరేది.

నాలుగు శనివారాలు ఇదే వరస. నాలుగోసారి గిటారుకి దుప్పటి చుడుతూ చెప్పింది.

"వచ్చేవారం ఒక్కటే. ఒక్క బాణీ చివరిదాకా మీతో ఉండలేకపోతే దీన్ని మా మేనకోడలికిచ్చేస్తా. ఎప్పట్నించో అడుగుతోంది. ఒక్కదాన్నే ఉన్నప్పుడు అన్నీ వస్తాయి మాస్టారూ. ఎవరికోసం వస్తున్నట్టు?"

నాకా మాట గుచ్చుకుంది. చదివిందంతా తలలో దాచుకుని ఎవరితోనూ చెప్పుకోని మనిషిని నేను.

మాస్టారు కత్తెర తుడుచుకుంటూ అడిగాడు. "బళ్ళో చిక్కుడుగింజలు అడుగంటితే ఏం చేస్తావమ్మా?"

"ఏముంది, కలపకుండా పైది వేరే గిన్నెలోకి వంచేస్తా. మాడువాసన లాగెయ్యడానికి రెండు బంగాళాదుంపలు పడేస్తా."

"మళ్ళీ గింజలు నానబెట్టవా?"

"పన్నెండుకి గంట కొట్టేస్తారండీ! పిల్లలు పళ్ళేలు పట్టుకుని నిలబడితే నేను గింజలు నానబెడుతూ కూర్చుంటానా?"

"మరి?" అన్నాడాయన.

మరుసటి శనివారం బల్ల దగ్గరే, తనకి ఎదురుగా, ఆమెకి కుర్చీ వేయించాడు. "నీ చెయ్యి చూసుకోకు, నాది చూడు. ఇవాళ మిగతా వేళ్ళకి సెలవు, బొటనవేలు చాలు. పడితే పడ్డచోటే కూర్చో. మొదటి భాగం మళ్ళీ వస్తుంది, బస్సులాగా. వచ్చినప్పుడు ఎక్కు."

జందీర కనికరించలేదు. ఎప్పటికంటే వేగంగా ఎత్తుకుంది. మొదటి భాగం గడిచింది. రెండోదాంట్లో ఇవొనెట్ పడింది. చెయ్యి తీగలమీంచి లేచింది, 'మొదట్నుంచి' అనడానికి నోరు కూడా తెరుచుకుంది. ఏమనుకుందో, మూసేసింది. మాస్టారి వేళ్ళకేసి చూస్తూ కూర్చుంది. మొదటి భాగం తిరిగొచ్చింది. బొటనవేలు ఎక్కింది. మూడో భాగంలో మళ్ళీ పడింది, మళ్ళీ కాచుకుంది.

మొదటి భాగం ఆఖరిసారి వచ్చి, ఆమె ఎక్కగానే మాస్టారు గిటారు ఒళ్ళో పడుకోబెట్టి, తీరిగ్గా కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చూడ్డానికి చెయ్యి లేదు. ఇవొనెట్ కంగారుగా అటూ ఇటూ చూసి నా కంజిర మీద చూపు నిలిపింది. వేణువు కింద ఇప్పుడు ఉన్నవి ఆమె బొటనవేలూ నా వేళ్ళే. అంత జాగ్రత్తగా నేను జీవితంలో ఎప్పుడూ వాయించలేదు. బాణీ చివర ముగ్గురం కలిసే ఆగాం.

"పడ్డావా అక్కా?" అంది జందీర.

"రెండుసార్లు."

"నాకు వినపళ్ళేదే." వేణువులో తడి దులుపుకుంటూ అంది. ఆవిడ ఎవరినైనా అంతకుమించి మెచ్చుకోగా నేను వినలేదు.

"చెవుడేమో, ఓసారి డాక్టరుకి చూపించుకో తల్లీ," అంది ఇవొనెట్.

ఇది జరిగి తొమ్మిదేళ్ళు. సెలవులో ఉన్న వేళ్ళు ఏడాది తిరక్కుండానే ఒకటొకటిగా పనిలో చేరాయి. ఏది ఏ శనివారం చేరిందో ఆమెకీ తెలీదు, మాకూ తెలీదు. ఆ బాణీ మూడో భాగంలో ఇప్పటికీ అప్పుడప్పుడు పడుతుంది.

మేనకోడలికి మాత్రం ఆ జూన్‌లో చర్చి లాటరీ టికెట్టు కొనిచ్చింది. పిల్లకి కుక్కరు తగిలింది.

"నాకిచ్చెయ్యవే అని అడిగానండీ," అని ఇవొనెట్ ఇప్పటికీ వాపోతుంది. "ఛస్తే ఇవ్వనంది."