గురికి ఉక్కు వెతికిన వేసవి

ఊళ్ళోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నేను కొండకర్ల దగ్గరి ఊరికి కాపురానికి వచ్చి రెండేళ్ళయింది. మా మావయ్యగారు మిలటరీలో హవల్దారుగా చేసి రిటైరై, చెరకు పండిస్తున్నారు. తోటలో అడవి పందులు పడుతున్నాయని లైసెన్సు మీద, ఒక్క దెబ్బకి బోలెడు గుళ్ళు చిమ్మే షాట్‌గన్ తీసుకున్నారు. చేతికి గురి తప్పిందని రోజూ ప్రాక్టీసు మొదలెట్టేరు.

మొదట నూనె డబ్బా పెట్టి కాల్చేరు. ఒక్క దెబ్బకే జల్లెడైపోయింది. తర్వాత రేకు పెడితే వంగిపోయింది. పప్పులు పోసుకునే డబ్బాల మీద కూడా ఆయన కన్ను పడేసరికి, ఇంట్లో సామాను ముట్టుకోవద్దని అత్తయ్య గట్టిగా చెప్పేసింది.

దాంతో మావయ్యగారు నన్ను స్కూటర్ మీద అనకాపల్లి పాత ఇనప కొట్టుకి తీసుకెళ్ళేరు. నేను చర్చిలో పాటలు పాడేదాన్ని. "నీకు మంచి చెవుందమ్మా. గట్టి ఉక్కు మోతలోనే తెలిసిపోతాది," అన్నారు.

కొట్టాయన ముందుగా ట్రాక్టర్ నాగలి డిస్కు తెచ్చేడు. సుత్తితో కొడితే ఖంగుమంది. అదే తీసుకుందామన్నాను. మావయ్యగారు ఒప్పుకోలేదు. గిన్నెలా గుంటగా ఉన్నదానికి తగిలితే గుళ్ళన్నీ మన మొహం మీదికే తిరిగొస్తాయట. తర్వాత ఓ మందపాటి పలక చూసేం. ఆకురాయితో గీస్తే పొడి రాలింది. మెత్తనిదన్నమాట. ఆఖర్న లారీ కింద బరువు మోసే కమాను పట్టీ, వంపు పోయి తిన్నగా అయినది, దొరికింది. కొడితే మోత ఎంతసేపటికీ ఆగలేదు. ఆకురాయి గీత పడకుండా జారిపోయింది.

"ఏ లారీకి మావా?" అని అడిగేడు కొట్టాయన.

"లారీకి కాదు, తుపాకీతో కాల్చుకోడానికి," అన్నారు మావయ్యగారు. తూకం వేస్తున్న కొట్టాయన చెయ్యి ఆగిపోయింది.

పట్టీ చివరున్న కన్నానికి గొలుసు వేసి, తోట పక్కనున్న ఎత్తయిన మట్టిగట్టు ముందు వేలాడదీసేం. తగిలిన గుళ్ళు నేలలోకి దిగేలా దాన్ని కాస్త ముందుకి వాల్చి కట్టేరు మావయ్యగారు. గుర్తులు కనపడాలని నేను సున్నం పూసేను. ముగ్గురం చెవుల్లో దూది పెట్టుకున్నాం. అత్తయ్యా నేనూ ఆయన వెనక దూరంగా నిల్చున్నాం.

మావయ్యగారు రెండుసార్లు కాల్చేరు. రెండూ గట్టుకే తగిలేయి. అత్తయ్య నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయన కోప్పడకుండా, "నవ్వడం కాదు, నువ్వు సూడు ఓసారి," అని తుపాకీ ఎలా ఆనించుకోవాలో చూపించి, పక్కనే నిలబడ్డారు. చీర కొంగు దోపుకుని అత్తయ్య కాల్చింది. పట్టీ ఖంగున మోగి ఊగింది. మేత మేస్తున్న గేదెలు తలలెత్తేయి.

మావయ్యగారు పరుగున వెళ్ళి సున్నం మీద మచ్చలు లెక్కపెట్టేరు. "తొమ్మిది గుళ్ళు తగిలేయే," అన్నారు. తనే కొట్టినంత సంబరం ఆయన గొంతులో.

పట్టీకి సొట్ట కూడా పడలేదు. ఆ ఏడు పందులు మా తోటవైపు రాలేదు. మోతకి బెదిరేయో, పక్కూరి చెరకు నచ్చిందో తెలీదు. కాల్చాల్సిన పని లేకపోయినా ఆదివారం చర్చి నుంచి రాగానే ముగ్గురం గట్టు దగ్గరికి వెళ్ళేవాళ్ళం. మొదటి వంతు మాత్రం అత్తయ్యదే.