ఏటి అవతలి ఆరాధనలో నా నిద్ర

గిర్మిట్ రోజుల్లో, అంటే సముద్రం దాటి ఈ దీవికి వచ్చి ఐదేళ్ళ ఒప్పందం మీద కూలి చేసిన రోజుల్లో, మాకు తిండికంటే ఎక్కువ కరువైంది నిద్ర. చీకటితోనే మాతో పని చేయించే సర్దారు వచ్చి తలుపు బాదేవాడు. అప్పుడు చెరకు చాళ్ళలో వంగిన నడుము పొద్దుగూకితే గాని నిలబడేది కాదు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఓడ దిగి నవువా తోటకు వచ్చిన నాలుగో నెలలో మా ఆయన జ్వరంతో పోయాడు. ఒప్పందం మాత్రం ఇంకా నాలుగేళ్ళ పైచిలుకు మిగిలింది. (ఏడవడానికి సెలవివ్వలేదా అంటారేమో, ఒక పూట ఇచ్చారు.)

నేను పుట్టు క్రైస్తవురాలిని. ఆయన పోయాక మాత్రం, పోట్లాడిన ఆడపడుచుతో మానేసినట్టు, దేవుడితో పట్టుదలగా మాటలు మానేశాను. అన్నం ముందు కళ్ళు మూసుకోవడం చిన్ననాటి అలవాటు కదా, ఆ అలవాటు మీద కోపంతో కళ్ళు ఇంతింత చేసుకుని తినేదాన్ని. ఒకసారి పక్క గది ఆవిడ అది చూసి, గొంతుకు ముద్ద అడ్డుపడిందనుకుని, నా వీపు మీద చరిచింది కూడా.

మా కూలి లైన్లలో, ఆ ఇరుకు గదుల వరసల్లో, క్రైస్తవులం ఇద్దరమే, నేనూ గూడూరు అవ్వా. అవ్వ అంటున్నాను గాని ఆమెకు నలభై దాటి ఉండవు. ఆ ముసలి రూపు తోట పని తెచ్చిపెట్టింది. ఆదివారం ఆమె ఏరు దాటి ఈ దీవి వాళ్ళ ఊళ్ళో ఆరాధనకు వెళ్ళేది. వాళ్ళ భాష ఆమెకు ఒక్క ముక్క రాదు. నన్నూ రమ్మంటే నేను ప్రార్థన చెయ్యనని తెగేసి చెప్పాను.

"నువ్వేం చెయ్యబాకమ్మే. నా పక్కన కూర్చో చాలు. ఇద్దరికీ కలిపి నేనే చేస్తా," అంది.

వెళ్ళాను. భక్తితో కాదు, ఆరాధన అయ్యాక ఉడకబెట్టిన చేమదుంపలు పెడతారని విని.

అది ఆకుల కప్పు, చాపల నేల ఉన్న మందిరం. వాయిద్యం ఏదీ లేకుండానే పాట ఎత్తుకున్నారు. ఆ గొంతులకు కప్పు లేచిపోతుందేమో అనుకున్నాను. నాకు ఒక పక్క అవ్వ, ఇంకో పక్క తెల్లబట్టల్లో కొండంత ఆడమనిషి. బోధకుడు ప్రసంగం మొదలుపెట్టడం వరకు గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి మందిరం ఖాళీ. ఎండ ఈ గోడ నుంచి ఆ గోడకు మారింది. నా తల ఆ కొండంత మనిషి భుజం మీద ఉంది, నా చొంగ ఆమె తెల్ల రవికె మీద ఉంది. ఆమె కదలకుండా కూర్చునే ఉంది. జరిగింది అవ్వ చెప్పింది. నా గురక విని బోధకుడు గొంతు తగ్గించాడట. చివరి పాట అందరూ సన్నగా, పెదవుల్లోనే పాడారట. పిల్లలతో సహా మునివేళ్ళ మీద నడిచి బయటికి పోయారట. నా తల మోసిన ఆవిడ చెయ్యి ఎంత తిమ్మిరెక్కిందంటే ఇద్దరాడవాళ్ళు వచ్చి రుద్దితే గాని లేవలేదు.

సిగ్గుతో తల వంచుకున్నానో లేదో ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఒక్క పూట సెలవులో రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. ఆ కొండంత మనిషి రెండో చెయ్యి నా తల మీద పెట్టి ప్రార్థన చేసింది. అందులో 'జీసు' అన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది, అదే సరిపోయింది.

బయల్దేరుతుంటే ఊరంతా "మొదే, మొదే" అన్నారు. మొదే అంటే నిద్ర అని అప్పటికే ఎవరో చెప్పగా విన్నాను. వెక్కిరిస్తున్నారనుకుని దుంపల మూట పట్టుకుని విసవిసా నడిచాను. వాళ్ళకు 'వెళ్ళిరా' అనడానికీ అదే మాట అని అవ్వ నవ్వు ఆపుకోలేక చెప్పేసరికి సగం దారి అయింది. ఆ మిగిలిన సగం దారిలో దేవుడితో మళ్ళీ మాట్లాడాను. ముందు తిట్టాను, తర్వాత మా ఆయన్ని జాగ్రత్తగా చూసుకోమన్నాను.

గిర్మిట్ తీరాక ఆ ఏటి పక్కనే వరి వేసుకుని బతికాను. వాళ్ళ భాష కొంచెం వచ్చాక ఆ కొండంత మనిషిని అడిగాను, ఆ రోజు నన్నెందుకు లేపలేదని.

"ప్రసంగం మళ్ళీ ఆదివారం ఉంటుంది. నీకు నిద్ర ఉంటుందో లేదో," అంది.

దేవుడి మీద అలిగిన ఆ ఇరవై ఏళ్ళ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పాపం, తనెంత అలసిపోయిందో కూడా దానికి తెలియదు.