ఇసుకలో మంగళవారం వరస

ఈ రోజు మన మైపాడు బడిలో పిల్లలు గుంపుగా కూర్చుని, రంగు కాగితాలు ఒకదాని మీద ఒకటి అంటిస్తూ గ్రాఫ్ నేర్చుకుంటున్నారు. వాళ్ళను చూస్తుంటే నాకేమో తడి గవ్వల వాసన వచ్చింది. మన క్లాసు వాళ్ళారా, గుర్తుందా?

మా అక్క బడి ఎగ్గొడుతోందని హెడ్‌మాస్టరు హాజరు పట్టీలోంచి దాని పేరు కొట్టేస్తానన్న రోజు. లెక్కల టీచరమ్మ మనందరినీ, హెడ్‌మాస్టరునీ సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళి, ఇసుకలో వారాల పేర్లు రాసింది.

"బడికి రాని ప్రతి రోజుకీ ఆ వారం పేరు పక్కన ఒక గవ్వ పెట్టండి. సిగ్గుపడబాకండి."

సోమవారానికి రెండే గవ్వలు. మంగళవారం వరస మాత్రం పోయి పోయి అలల దాకా పోయింది. పెట్టిన చేతులన్నీ ఆడపిల్లలవే!

"మంగళవారం ఏముందే?" అన్నాడు హెడ్‌మాస్టరు.

"బడి టైముకే నీళ్ళ ట్యాంకరు వస్తాది సార్. మీ ఇంటి బిందెలు కూడా నేనే పట్టినాను," అంది అక్క.

అన్యాయం మీద ఎన్ని కరపత్రాలు చదివానో, ఎన్నిచోట్ల గొంతు చించుకున్నానో! ఆ గవ్వల ముందు ఒళ్ళు జలదరించినట్టు మళ్ళీ ఎక్కడా జలదరించలేదు. అందరికీ తెలిసిందే, అంతవరకు ఎవరికీ కనబడలేదు.

పై మంగళవారం ట్యాంకరు బడి వదిలాకే వచ్చింది. వరసలో మొదటి బిందె హెడ్‌మాస్టరుది. పట్టుకుని నిలబడింది ఆయనే.